బెల్లం నీళ్ళ పొగాకు

జీవితంలో ఒక్క దమ్ము లాగి ఎరగని నేను, ఈ వయసులో, పైపు తాగేవాళ్ళ గ్రూపులో సభ్యుణ్ణి అంటే నా ఈడువాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వండి గానీ, పొద్దున్నే ఫోను తెరిస్తే మీకు పువ్వుల మీద శుభోదయాలు వచ్చినట్టు నాకు పైపుల బొమ్మలు వస్తాయి. కాఫీ కప్పు పక్కన ఒక పైపు, కిటికీ అంచున వానకు తడవకుండా ఒక పైపు, ఆఫీసు కార్డు మెడలో వేలాడుతుండగా చేతిలో ఒక పైపు. కింద ఒక్కొక్కరూ ఆ పూట ఏ పొగాకు నింపారో, మొదట ఎండుద్రాక్ష వాసన ఎలా వచ్చిందో, అడుక్కి వచ్చేసరికి అది ఎలా మారిందో ఓపిగ్గా రాసుకుంటారు. నిన్న అందులో ఒకాయన, ఏ ఊరో కూడా నాకు తెలియదు, ఆ బెల్లం నీళ్ళ పొగాకు సంగతి చివరికి ఏమయిందండీ అని నన్నే అడిగాడు. రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చున్నాను. రెండు ముక్కల్లో ఒదిగే సంగతి కాదని, రాయడం మొదలుపెట్టాక తెలిసింది.

అసలు మా ఇంట్లోకి పైపు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. మాది ఒంగోలు వైపు పొగాకు పండే ఊరు. పచ్చాకును కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేడికి ఆరబెట్టే రోజుల్లో మా ఊళ్ళో అన్నం కూడా ఆ వాసనే వేసేది. మా అక్కను ఇచ్చింది పక్క ఊరే. బావ ఆ వైపు మగవాళ్ళందరిలాగే చుట్ట మనిషి. హైదరాబాదులో సర్వే ఆఫీసులో ఉద్యోగం వచ్చాక, జీపులో పై అధికారి పక్కన కూర్చుని కూడా చుట్ట ముట్టించేవాడట. ఆ అధికారి మెతక మనిషి, మానమని చెప్పలేక, తను వాడి మానేసిన పైపు ఒకటి ఇంటినుంచి తెచ్చి, కనీసం ఇందులో పెట్టుకుని తాగవయ్యా అని బావ చేతిలో పెట్టాడట. బావ వినయంగా పుచ్చుకుని, జేబులోంచి చుట్ట తీసి, తుంపి, ఆ పైపులోనే కూరి వెలిగించాడు. పాపం, ఆయన ఆశించిన మేలు ఏమీ జరగలేదు.

మేలు జరిగింది మా అక్క వల్ల. ఆ ఘాటు రెండు గదుల కిరాయి ఇంట్లో భరించలేక ఆవిడ ఒక ఉపాయం పన్నింది. మా నాన్న బ్యారన్ నుంచి పసుపుపచ్చగా ఆరిన, నునుపైన ఆకు తెప్పించి, ఈనెలు తీసి, లేత బెల్లం నీళ్ళు చిలకరించి, దంచిన లవంగం చల్లి, తడిగుడ్డలో చుట్టి, రుబ్బురోలు పొత్రం కింద అదిమి పెట్టేది. కొన్నాళ్ళకు అది అచ్చుకట్టిన తాండ్రలా నల్లబడి గట్టిపడేది. దాన్ని కత్తిపీట మీద సన్నగా తరిగి డబ్బాకెత్తేది. ఎవరు నేర్పారో అడిగితే, మన నాయనమ్మ చుట్టలు ఊరికే కమ్మగా ఉండేవా అనేది. నాకు ఆ ఆఫీసులోనే ట్రేసర్ ఉద్యోగం వచ్చి, బోరబండలో వాళ్ళింట్లోనే దిగాక, ఊరి నుంచి ఆకు మోసుకొచ్చే పని నాది అయింది. వాళ్ళకు పిల్లల్లేరు. కాబట్టి ఆ ఇంట్లో నేనే పెద్దకొడుకునీ, చిన్నకొడుకునీ, అప్పుడప్పుడూ కూలీనీ.

ఆ పొగాకు వాసన ఎలా ఉండేదో చెప్పమంటే చెప్పలేను. పొయ్యి మీద బెల్లం పాకం అడుగంటబోయే క్షణంలో వచ్చే వాసనకు దగ్గరగా ఉండేదని మాత్రం అనగలను. బావ చొక్కాలకు, దిండు గలీబుకు, ఆయన విప్పి చుట్టే నక్షాలకు అదే వాసన. నేను ఆఫీసులో ట్రేసింగ్ గుడ్డ మీద ఆయన కొలిచిన గీతల్నే సిరాతో దిద్దుతుంటే, కాగితం మడతల్లోంచి మా ఇంటి వాసన వచ్చేది. కొత్త ఊరి బెంగ నాకు అంత తొందరగా తీరిపోవడానికి అది కూడా ఒక కారణమేమో.

ఆయనతో నేను ఫీల్డుకు కూడా వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ మాదాపూరు వైపు అప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, సీతాఫలం పొదలు, మేకలు, అంతే. కొలబద్ద పట్టుకునే మనిషి అవతలి బండ మీదికి నడిచి వెళ్ళేలోగా బావ పైపు నింపేవాడు. నింపడం అంటే ఏమీ లేదు, డబ్బాలో ముంచి బొటనవేలితో అదమడమే. ఆ వేలి కొసన చర్మం నల్లగా, గిట్టలా ఉండేది. గాలికి పైపు ఆరిపోతూ ఉండేది, మళ్ళీ పుల్ల గీస్తూ ఉండేవాడు. ఆయన పొగాకు తాగాడో అగ్గిపుల్లలు తాగాడో చెప్పడం కష్టం. అయిపోయాక పైపును బోర్లించి బండకేసి టకటకా కొట్టి, ఇంకా వేడిగా ఉండగానే మళ్ళీ నింపి, పళ్ళ మధ్య పెట్టుకుని, పరికరంలోకి వంగి, చెయ్యి గాలిలో ఊపుతూ అవతలి మనిషికి కుడికి జరగమనో ఎడమకు జరగమనో చెప్పేవాడు. అన్నేళ్ళలో బావ ఆ పైపు వంక ఒక్కసారి కూడా చూడగా నేను చూడలేదు. మన ముక్కు వంక మనం చూసుకుంటామా?

అక్క మాత్రం రోజూ చూసేది, రోజూ తిట్టేది. ఆ మాయదారి గొట్టం పొయ్యిలో పెడతాను, ఆ దగ్గు చూశావా, ఒక్క రోజన్నా మానరాదా అని సాధించేది. సాధిస్తూనే ఆదివారం మధ్యాహ్నం నేల మీద కాళ్ళు చాపుకు కూర్చుని ఈనెలు తీసేది. ఆ రోజుల్లో అందులో విడ్డూరం ఏమీ మాకు తోచలేదు. భర్తను తిట్టడమూ, భర్తకు కావలసింది అమర్చడమూ రెండూ ఇంటిపనిలోవే. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ దగ్గు ఆయన్ను వదల్లేదు. దవాఖానల చుట్టూ తిరిగాం. చివరి నెలల్లో పైపు వెలిగించే ఓపిక కూడా లేక, ఉత్త పైపే నోట్లో పెట్టుకుని పడుకునేవాడు. బావ పోయాక అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకున్న సామానులో ఒక చిన్న స్టీలు డబ్బా, అందులో తెల్ల రుమాల్లో చుట్టిన ఆ పైపు. రోజూ పొద్దున స్నానం చేసి, దీపం పెట్టాక, ఆ డబ్బా మూత తీసి ఒకసారి వాసన చూసి మూత పెట్టేసేది. ఎందుకని మేము అడగలేదు. ఆవిడా చెప్పలేదు. బావ అందులో ఉన్నాడు, అంతే.

ఇక మా తెల్లాపూర్ కథ. ఇక్కడి అపార్టుమెంట్ల గుంపులోకి మారాక ఒకనాడు లిఫ్టులో నా పక్కన నిలబడ్డ కుర్రాడి చొక్కా నుంచి పైపు వాసన వచ్చింది. కింది అంతస్తు అబ్బాయి, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ముప్పై అయిదు దాటి ఉండవు. నువ్వు పైపు తాగుతావా బాబూ అని అడిగేసరికి దొంగ దొరికినట్టు అయిపోయాడు. మా బావ తాగేవాడయ్యా అనగానే ఆ ముఖం వెలిగిపోవడం చూడాలి. ఆ సాయంత్రమే నన్ను వాళ్ళింటికి లాక్కెళ్ళి, అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టిన పైపులు చూపించాడు. కొన్ని ఏదో విదేశీ పొద మొదలు కొయ్యతో చెక్కినవి, కొన్ని తెల్ల సుద్దరాయిలాంటివి, ఒకటి అతనే చెక్కుకున్నది. ఒకసారి తాగిన పైపును మర్నాడు ముట్టుకోకూడదట, దానికి విశ్రాంతి కావాలట. కుంచెలతో లోపల తుడవాలట, బండకేసి కొట్టడం మహాపాపమట. మా బావ సంగతి చెప్పాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకు నవ్వొచ్చింది. వారానికి ఒకసారో రెండుసార్లో తాగేదానికి ఇంత తతంగమా అనిపించింది. కానీ అతను నన్ను గ్రూపులో చేర్చాక, వాళ్ళు ఆదివారం పొద్దున నార్సింగి దగ్గర ఒక తోటలో కలిసే చోటికి తీసుకెళ్ళాక, నా నవ్వు తగ్గి గౌరవం పెరిగింది. ముందురోజు వరకూ ఒకరి ముఖం ఒకరు ఎరగని మనుషులు. ఒకడు కడప వైపు నుంచి వచ్చి స్థలాలు అమ్మేవాడు, ఒకడు పళ్ళ డాక్టరు, ఒక అమ్మాయి కంప్యూటర్లలో ఏదో పెద్ద ఉద్యోగం. అందరికీ సమానంగా పొగాకు పంచి, తలా ఒక్క పుల్లతోనే వెలిగించి, ఎవరిది ఎక్కువసేపు ఆరకుండా ఉంటుందో పోటీ పెట్టుకున్నారు. పొగతాగని మనిషినని గడియారం నా చేతికిచ్చి న్యాయమూర్తిని చేశారు. అంతమంది ఒక చోట మాట్లాడకుండా, ఫోను తియ్యకుండా, ఉన్న కాస్త నిప్పును కాపాడుకుంటూ కూర్చోవడం ఈ వైపు నేను మరెక్కడా చూడలేదు. మా బావ ఆ పోటీలో మొదటే ఓడిపోయేవాడు. వీళ్ళకు ఆయన చేతి అలవాటు రాదు, ఆయనకు వీళ్ళ శ్రద్ధ లేదు. రెండూ నాకు నచ్చాయి. బెల్లం నీళ్ళ పొగాకు గురించి నేను చెబితే చుట్టూ మూగి, పొత్రం బరువెంత ఉంటుంది, బెల్లం పాతదా కొత్తదా అని పసిపిల్లల్లా అడిగారు. మా అక్కను అంత గొప్పగా అంతకుముందు ఎవరూ తలుచుకోలేదు.

ఆ అబ్బాయి మా ఇంటికి రాకపోకలు పెట్టుకున్నాడు. పుట్టి పెరిగింది బోరబండలోనే అని తెలిశాక ఇక అక్కకు అతను మనవడే అయిపోయాడు. అలా ఉండగా ఒక పొద్దున అక్క చేతిలోంచి పైపు జారి, నోట్లో పెట్టుకునే నల్ల కాడ రెండు ముక్కలైంది. ఆవిడ ఏడవలేదు గానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రం అతను వస్తే రుమాలుతో సహా చేతిలో పెట్టి, కాస్త ఈ కాడ సంగతి చూడు నాయనా అంది. అతను ఆ పైపును రెండు చేతులతో, తీర్థం పుచ్చుకున్నట్టు తీసుకున్నాడు.

ఇక్కడ వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పాత పైపు చేతికొస్తే, అడిగిన మరమ్మతు ఒక్కటే చేసి మురికితో తిరిగి ఇవ్వడం వాళ్ళలో తలవంపుల పని. ఆ అబ్బాయి కొత్త కాడ తెప్పించి అమర్చాడు. ఆగలేదు. పొగాకు నింపే పైపు గిన్నెలో పేరుకున్న మసి పొరను పలకపలకలుగా గీకి తీశాడు. ఉప్పు నింపి, స్పిరిటు పోసి, పాత వాసన మొత్తం లాగేసేదాకా నానబెట్టాడు. నునుపు కాగితంతో రుద్ది, మైనం పట్టించి మెరుగుపెట్టాడు. ప్రతి మెట్టూ ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. పొగచూరి నల్లగా ఉన్న ఆ గొట్టం లోంచి ఎర్రటి కొయ్య చారలు బయటపడుతుంటే అందరూ ఆహా ఓహో అన్నారు. ఉప్పు నింపిన బొమ్మ చూసి నేను కూడా చప్పట్లు కొట్టే చేతుల గుర్తు పెట్టాను. దేనికి కొడుతున్నానో నా బుర్రకు తట్టలేదు.

పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. అక్క రుమాలు విప్పింది, దగ్గరకు తీసుకుంది, వాసన చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళు మూసుకుని మూడోసారి చూసి, ఒళ్ళో పెట్టుకుని, చాలా బాగా చేశావు నాయనా, కొత్తదానిలా ఉంది అని, కాఫీ కలపడానికి లేచింది. వంటింట్లో ఆవిడ చాలాసేపు ఉంది. మర్నాటి నుంచి స్టీలు డబ్బా మూత తెరుచుకోలేదు. మా ఆవిడే ఆ అబ్బాయికి సంగతి చెప్పింది. అతను మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, "నేనేం జేసిన అంకుల్? తాతను కడిగి పారేసిన కదా! నాకు జర ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెప్పడానికి మాకు మాత్రం ఏం తెలుసు, ఉప్పుతో మనిషి పోతాడని?

ఆ రాత్రే అతను జరిగింది జరిగినట్టు గ్రూపులో రాశాడు. తనకు పొగడ్తలు తెచ్చిన ఆ ఫొటోల కిందే రాశాడు. ఎవరూ ఎగతాళి చేయలేదు. ఎక్కడెక్కడివాళ్ళో రోజుల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, పైపుకు ఆ వాసన మళ్ళీ పట్టాలంటే ఒకటే దారి. అదే పొగాకు, అదే పైపులో, విశ్రాంతి గిశ్రాంతి లేకుండా, ఒక మనిషి రోజూ తాగాలి. అంటే వాళ్ళు పాపమనుకునే పద్ధతులన్నీ, మా బావ పద్ధతులన్నీ, ఒకరు పాటించాలి. నేను తాగుతా అన్నాడు ఆ అబ్బాయి.

అక్కకు చెబితే మొదట ఒప్పుకోలేదు. కానీ మా ఊరి నుంచి చిన్నాన్న కొడుకు ఆకు పంపాక, ఆ మూట విప్పిన వాసనకే ఆవిడ మనిషి మారిపోయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నేల మీద కాళ్ళు చాపుకు కూర్చుని ఈనెలు తీసింది. పొత్రం లేకపోతే బియ్యం డబ్బా బరువు పెట్టింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, అతను మా బాల్కనీలో కూర్చుని తాగేవాడు. అక్క గుమ్మంలో కుర్చీ వేసుకునేది. బావ పోయాక ఆయన ఊసు ఎత్తని మనిషి, ఆ కుర్రాడికి అన్నీ చెప్పేది. జీపులో చుట్ట సంగతి, చొక్కా జేబుకు పడ్డ కాలిన చిల్లులు, హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆయన అలిగితే పైపు గిన్నె ఎర్రబడేదాకా లాగడం. నాకే తెలియని సంగతులు అవి. ఆ కుర్రాడి ఓర్పుకు నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఖరీదైన మెత్తటి పొగాకుకు అలవాటు పడ్డ గొంతు, మా ఊరి ఘాటును రోజూ మింగడం మాటలు కాదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం, నేను హాల్లో పేపరు చూస్తున్నాను. ఉన్నట్టుండి తల ఎత్తాను. బోరబండ ఇల్లు వచ్చి నా ముందు నిలబడింది. అదే. అడుగంటబోయే బెల్లం, వెనకనే లవంగం, వాటి కింద బావ. వంటింట్లోంచి అక్క గరిటె చేత్తోనే బయటికి వచ్చింది. ఆవిడ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. దొరికింది, తమ్ముడూ, అన్నట్టు నా వంక చూసి బాల్కనీ వైపు నడిచింది.

అప్పుడే ఆ అబ్బాయి దగ్గాడు. మొదటిసారి కాదు, కానీ అలా లోపలి నుంచి లాగినట్టు దగ్గడం అదే మొదలు. ఒకటి, దాని మీద ఇంకొకటి. రెయిలింగు పట్టుకుని వంగి, అక్కను చూసి నవ్వబోయి, "ఏం ఫికర్ లేదమ్మమ్మా, జర ఘాటుగుంది, అంతే. వాసన పట్టింది చూసినవా?" అన్నాడు.

అక్క అతని చేతిలోంచి పైపు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. కుండీ మట్టిలో బోర్లించి నిప్పు ఆర్పేసింది.

"చాల్లే నాయనా," అంది. "ఆయనకి నేనే తడిపి, నేనే అదిమి, నేనే కోసి ఇచ్చాను. తిడతానే ఇచ్చాను. నీకు మాత్రం ఇయ్యను."

అతను ఏదో అనబోయాడు. ఇంకో నెల చాలమ్మమ్మా అన్నాడు కాబోలు. ఆవిడ వినిపించుకోలేదు. డబ్బాలో మిగిలిన పొగాకు, గుడ్డలో అదిమి పెట్టి ఇంకా తరగనిది, అంతా ఒక సంచీలో వేసి మూతి కట్టి చెత్తబుట్టలో పడేసింది. అంత ఇష్టంగా ఈనెలు తీసిన చేతులే. తర్వాత అతనికి కరక్కాయ బుగ్గన పెట్టుకోమని ఇచ్చి, దగ్గు తగ్గేదాకా వీపు రాస్తూ కూర్చుంది. ఆ వాసన ఒక గంటసేపు ఇంట్లో తిరిగి, వానగాలికి పోయింది. మళ్ళీ రాలేదు.

ఇదండీ, గ్రూపులో అడిగినాయనకు నేను చెప్పవలసిన జవాబు. ఆ అబ్బాయి పైపు పూర్తిగా మానాడని అబద్ధం చెప్పను, బాగా తగ్గించాడు. సాయంత్రాలు ఉత్త చేతులతో వచ్చి అక్క దగ్గర కూర్చుంటాడు. ఆ గ్రూపువాళ్ళ మీద నాకు గౌరవం తగ్గలేదు. ఒక ముసలమ్మ పోగొట్టుకున్న వాసన కోసం అంతమంది అపరిచితులు తాపత్రయపడ్డ రోజులు నేను మరిచిపోను. మా కాలంలో అలాంటి గుంపులు లేవు, ఇరుగూ పొరుగూ ఉండేవారు. ఇంటికి ఎవరొచ్చినా బావకు అగ్గిపెట్టె అందించేవారే. నేను రైల్లో మూటలు మోసుకొచ్చాను, అక్క తడిపి ఇచ్చింది, ఆఫీసులో అందరూ ఆ వాసన బాగుంటుందని మెచ్చుకున్నారు. ఆయనంటే మాకు ప్రాణం. అందుకే ఆయన అడిగిందల్లా ఇచ్చాం. ఇవ్వను అనే మాట కూడా ప్రేమలోదే అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అక్క నోటికి ఆ మాట వచ్చేసరికి, వినవలసిన మనిషి లేడు.